పక్కవాళ్ల మోతకు కిరాయి ఇల్లు మధ్యలో వదలాల్సి వస్తే: అడ్వాన్సు పోకుండా బయటపడే పద్ధతి

మోత భరించలేక అగ్రిమెంట్ మధ్యలో ఇల్లు ఖాళీ చేయాలనుకునేవాళ్లు ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీ లొల్లి పక్కవాళ్లతో ఉన్నా, మీ అడ్వాన్సు మాత్రం ఓనర్ చేతిలో ఉంటుంది. పక్కవాళ్లు ఎంత ఇబ్బంది పెడుతున్నారో నిరూపించడానికి పెట్టే కష్టంలో సగమైనా, ఓనర్‌కు ఇల్లు ఖాళీగా పడి ఉండకుండా చూడటానికి పెట్టండి. పైసలు వాపసు వచ్చేది ఆ దారిలోనే. మేము కాజీపేటలో అలాగే బయటపడ్డాం. ఆ పద్ధతే వివరంగా రాస్తున్నాను.

మా ఆయన గూడ్సు బండి లోకో పైలట్. ఒకసారి బల్లార్షా వైపు, ఒకసారి విజయవాడ వైపు. డ్యూటీకి వేళాపాళా ఉండదు. అర్ధరాత్రి కాల్ వస్తుంది, మర్నాడు ఎండెక్కాక ఇంటికి వస్తారు. నిద్ర సరిగా లేని మనిషి ఇంజన్‌లో కూర్చుని సిగ్నళ్లు చూడాల్సి వస్తే ఎంత ప్రమాదమో రైల్వే ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకే మాకు ఇంట్లో నిశ్శబ్దం అన్నిటికన్నా ముఖ్యం. ఫాతిమానగర్ దగ్గర ఒక ఇంటి కింది పోర్షన్ తీసుకున్నాం. తర్వాత పై పోర్షన్‌లోకి బ్యాచిలర్స్ దిగారు, వాళ్లతో పాటు ఒక పెద్ద ఊఫర్ దిగింది. కిందికి పాట వినిపించేది కాదు, స్లాబులోంచి దబ్‌దబ్‌మని అదురు మాత్రం దిగేది. వంటింటి అలమారలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. వాటి మధ్య పాత చీర ముక్కలు మడిచి పెట్టేదాన్ని.

ముందుగా, ఏది ఫిర్యాదు చేయదగ్గ మోతో మీలో మీరు తేల్చుకోండి. పిల్లలు పరిగెత్తడం, పొద్దున మిక్సీ, మంచం జరిపిన చప్పుడు ఇవన్నీ మనుషులు బతికే ఇంట్లో ఉండేవే. పక్కింట్లో పెళ్లి పందిరి వేస్తే ఆ నాలుగు రోజులు ఓర్చుకోవాలి. బతుకమ్మ తొమ్మిది రోజులు వాడలో ఆడపడుచులు ఆడి పాడితే దాని మీద ఫిర్యాదు చేయడం నా దృష్టిలో తప్పు. చట్టం కూడా పండగలకు కొంత చోటిచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా, రాత్రి 10 నుంచి 12 వరకు మైకుకు సడలింపు ఇవ్వవచ్చు. మనం మాట్లాడుకోవాల్సింది మామూలు రోజుల్లో పదేపదే నిద్ర చెడగొట్టే మోత గురించి.

దీనికి రూల్ ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి పొద్దున 6 దాకా. ప్రైవేటు స్థలంలో పెట్టిన సౌండ్ సిస్టమ్ అయితే, ఆ స్థలం హద్దు దగ్గర ఆ పరిమితి మీద 5 డెసిబెళ్లకు మించి రాకూడదు. మోత పరిమితి కన్నా 10 డెసిబెళ్లు లేదా అంతకంటే ఎక్కువైతే, లేదా రాత్రిపూట ఆంక్షలు ఉల్లంఘిస్తే, ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. మా ఆయనలా పగలు నిద్రపోయేవాళ్లు, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులు గమనించాల్సింది ఒకటుంది. పొద్దున 11 గంటలకు వచ్చే మోతకు 45 వర్తించదు, 55 లెక్కే వర్తిస్తుంది. అందుకే మీ బలమంతా రాత్రి 10 తర్వాతి సంఘటనల మీదే ఉంచండి. పగటి నిద్ర మీకెంత అవసరమో అది ఓనర్‌కు మనిషిగా చెప్పుకోవాల్సిన మాట.

తర్వాతి పని మాట్లాడటం. మోత జరుగుతున్నప్పుడు, కోపం మీద ఉన్నప్పుడు, రాత్రి ఒంటిగంటకు వెళ్లి తలుపు కొట్టకండి. దావత్‌లో ఉన్నవాళ్లు మాట వినరు. మాటా మాటా పెరిగితే రేపు పోలీసు స్టేషన్‌లో మీ మీదే కంప్లయింట్ ఉంటుంది. మర్నాడు సాయంత్రం, వాళ్లు చాయ్ తాగుతూ మెట్ల మీద కూర్చున్న వేళ నేను వెళ్లి, “తమ్ముడూ, మీ అన్న తెల్లార్లు బండి నడిపి వచ్చిండు, జర సౌండ్ తగ్గించండి” అని అడిగాను. పిల్లలు చెడ్డవాళ్లేం కాదు. “సరే అక్కా” అన్నారు, కొన్నాళ్లు తగ్గించారు, మళ్లీ మొదలుపెట్టారు. అయినా ఆ మాట్లాడటం దండగ కాలేదు. తర్వాత ఓనర్ “వాళ్లకు మీరు చెప్పిండ్రా?” అని అడిగితే చెప్పామని ధైర్యంగా అనగలిగాం. ఊఫర్‌ను గోడకు, నేలకు ఆనించకుండా మందపాటి ఫోమ్ మీద పెట్టించగలిగితే కిందికి దిగే అదురు కొంత తగ్గుతుంది. అది కూడా అడిగి చూడండి. చాలా ఇళ్లలో అంతటితోనే సర్దుకుంటుంది, ఖాళీ చేయాల్సిన అవసరమే రాదు.

తగ్గకపోతే రాసుకోవడం మొదలుపెట్టండి. స్కూలు నోట్‌బుక్ చాలు. తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, ఏ మోత, ఇంట్లో ఎవరికి ఏం ఇబ్బంది అయింది, ఇంతే. “రాత్రి 11:40 నుంచి 1:15, పై పోర్షన్ ఊఫర్, తెల్లారి 4కు డ్యూటీ కాల్” అని రాస్తే చాలు, తిట్లు రాయకండి. ఈ పుస్తకం రేపు ఓనర్ చూడొచ్చు, లాయర్ చూడొచ్చు. పడకగదిలో తలుపులు మూసి, ఫోన్‌ను మంచం మీద పెట్టి, గోడ గడియారం కనిపించేలా వీడియో తీయండి. డెసిబెల్ కొలిచే యాప్‌లు ఫోన్‌లో దొరుకుతాయి. అవి కచ్చితమైన మీటర్లు కావు, కోర్టులో వాటినే నమ్ముకోలేం. కానీ అదే గది, అదే ఫోన్, మోత లేని రాత్రి ఒక రీడింగు, మోత ఉన్న రాత్రి ఒక రీడింగు పక్కపక్కన చూపిస్తే ఊళ్లో లేని ఓనర్‌కు కూడా విషయం అర్థమవుతుంది. ఇంకో మాట, ఊఫర్ అదురును ఈ యాప్‌లు తక్కువ చూపిస్తాయి. అందుకే నేను గ్లాసులు మోగుతున్న అలమారను వీడియో తీసి పంపాను. ఏ అంకెకన్నా ఎక్కువగా పని చేసింది అదే.

డయల్ 100కి ఫోన్ చేయడానికి మొహమాట పడాల్సిన పని లేదు. రాత్రి 10 దాటాక మోత మోగుతుంటే బ్లూ కోల్ట్స్ వాళ్లు, అంటే గస్తీ పోలీసులు, బైకు మీద వచ్చి చెప్పి వెళ్తారు. ఆ రాత్రికి తగ్గుతుంది. మీరు ఎప్పుడు ఫోన్ చేశారో కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ దాచుకోండి. అయితే పోలీసులను పిలిచాక పైవాళ్లతో మాటలు ఆగిపోతాయి, ఆ ఇంట్లో ఇంకా కొన్ని నెలలు ఉండాలనుకుంటే అది కూడా ఆలోచించుకోండి. ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలోనైతే ఏ ఆలోచనా అక్కర్లేదు, వెంటనే చేయండి.

ఇక అగ్రిమెంట్. బీరువాలోంచి తీసి, చదివిందే మళ్లీ చదవండి. చూడాల్సినవి మూడే విషయాలు. నోటీసు ఎన్ని నెలలు? లాక్-ఇన్ అని ఏమైనా ఉందా, అంటే ఇన్ని నెలల లోపు ఖాళీ చేస్తే అడ్వాన్సు ఇవ్వమని? పెయింటింగ్ ఎవరి ఖర్చు? మన దగ్గర అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకు ఎందుకు రాస్తారంటే, ఏడాదికి మించిన లీజును తప్పకుండా రిజిస్టర్ చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి 11. కొందరు 100 రూపాయల స్టాంపు పేపరు మీద రెండేళ్లు, మూడేళ్లు రాసి రిజిస్టర్ చేయించకుండా వదిలేస్తారు. మీది అలాంటిదైతే ఆ రెండేళ్ల గడువుకు మీరు భయపడేంత బలం ఉండకపోవచ్చు, ఒకసారి లాయర్‌కు చూపించండి. నోటీసు గురించి కాగితంలో ఏమీ లేకపోతే, లేదా కాగితమే లేకపోతే, నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలని అదే చట్టం 106వ సెక్షన్‌లో ఉంది. కాగితంలో ఒక నెల, రెండు నెలలు అని రాసి ఉంటే మాత్రం ఆ మాటే చెల్లుతుంది.

చాలామంది అనుకున్నట్టు, మోత ఉంది కాబట్టి అగ్రిమెంట్ దానంతట అదే రద్దవదు. కిరాయి ఇస్తున్నంత కాలం కిరాయిదారు ఆటంకం లేకుండా ఇల్లు అనుభవించవచ్చని ఓనర్ హామీ ఇచ్చినట్టే లెక్క అని అదే ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. పై పోర్షన్ వాళ్లను పెట్టింది కూడా మీ ఓనరే అయితే, లేదా మోత చేసేది ఓనర్ ఇంటివాళ్లే అయితే, ఈ మాట పట్టుకుని గట్టిగా అడగొచ్చు. పక్క ఇల్లు వేరేవాళ్లదైతే ఆ మాటకు బలం తక్కువ, మీ ఓనర్ చేయగలిగింది కూడా తక్కువే. అపార్ట్‌మెంట్ అయితే సంఘం ప్రెసిడెంటుకు కాగితం ఇచ్చి, దాని కాపీ ఓనర్‌కు పంపండి. ఏ పరిస్థితిలోనూ కిరాయి మాత్రం ఆపకండి. బాకీ ఉన్న కిరాయిదారు మాట ఎవరూ వినరు. “అడ్వాన్సులో పట్టుకోండి” అని మీ అంతట మీరే కిరాయి ఇవ్వడం మానేయడం కూడా బాకీ పడటమే.

ఓనర్‌కు మొదటి కబురు ఫోన్‌లో చెప్పినా, వెంటనే వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపండి. నేను రాసింది ఇలా ఉంటుంది:

“అంకుల్, నమస్తే. పై పోర్షన్ నుంచి రాత్రి 11 తర్వాత ఊఫర్ మోత వస్తోంది. నిన్న 11:40 నుంచి 1:15 దాకా వచ్చింది, వీడియో పంపుతున్నాను. మేము మంచిగా అడిగి చూశాం, తగ్గలేదు. మీ మాటైతే వింటారు, ఒకసారి చెప్పండి. ఈ నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే మేము వేరే ఇల్లు చూసుకోవాల్సి వస్తుంది, మీకు ఇబ్బంది లేకుండా ఎలా చేయాలో కూర్చుని మాట్లాడుకుందాం.”

ఇందులో కోపం లేదు, గడువు ఉంది. మా ఓనర్ కరీంనగర్‌లో ఉంటారు. ఆయన ఫోన్ చేసి చెబితే పైవాళ్లు ఓ వారం బాగానే ఉన్నారు. నెలాఖరుకు ఇక నోటీసు రాశాం.

నోటీసు వాట్సాప్‌లో పంపినా సరే, కాగితం మీద కూడా పంపండి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, స్పీడ్ పోస్టులోనే డెలివరీ అయినట్టు రుజువు వచ్చేలా పంపి రసీదు దాచుకోండి. నోటీసులో ఇవి ఉంటే చాలు, ఖాళీలు మీవి నింపుకోండి:

“శ్రీ ... గారికి. ... తేదీ నాటి అగ్రిమెంట్ ప్రకారం మీ ఇంటి కింది పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నాము. ఈ రోజు వరకు కిరాయి బాకీ లేదు. పై పోర్షన్ నుంచి రాత్రివేళ వస్తున్న శబ్దం గురించి ... తేదీల్లో మీకు తెలియజేశాము. పరిస్థితి మారలేదు. అందువల్ల అగ్రిమెంట్‌లోని ...వ షరతు ప్రకారం ఒక నెల నోటీసు ఇస్తూ, ... తేదీన ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాము. ఆ రోజు వరకు కిరాయి, కరెంటు బిల్లు మేమే కడతాము. అడ్వాన్సు రూ. ...లో మీకు న్యాయంగా రావాల్సినవి ఉంటే లెక్క చూపి, మిగిలింది తాళాలు తీసుకునే రోజే ఇవ్వగలరని కోరుతున్నాము. ఇల్లు చూడటానికి వచ్చేవారికి రోజూ సాయంత్రం 5 నుంచి 7 వరకు చూపిస్తాము. కొత్త కిరాయిదారును వెతకడంలో మా వంతు సాయం చేస్తాము.”

చివరి రెండు వాక్యాలు మర్యాద కోసం రాసినవనుకోకండి. ఓనర్ భయమంతా అక్కడే ఉంటుంది. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే కిరాయి ఎవరిస్తారు? ఆ భయం తీరిస్తే లాక్-ఇన్ షరతు కూడా మెత్తబడుతుంది. టు-లెట్ బోర్డు మీరే గేటుకు కట్టండి. రైల్వే ఆసుపత్రి వైపు, ఎన్ఐటీ వైపు, చౌరస్తా కిరాణా షాపుల్లో చెప్పి ఉంచండి. తెలిసిన వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టండి. మోత సంగతి మాత్రం కొత్తవాళ్ల దగ్గర దాచకండి. చిన్న పిల్లలతో ఎవరైనా వస్తే నేను ముందే చెప్పి పంపించేశాను. ఇల్లు అందరికీ ఒకేలా ఇబ్బంది కాదు. మా విషయంలో చివరికి ఏం జరిగిందంటే, మేం ఖాళీ చేస్తున్నామని తెలిసి పై పోర్షన్ తమ్ముళ్లే వచ్చి, “అక్కా, మా దోస్తులు ఇద్దరు రూమ్ చూస్తున్నారు” అన్నారు. ఆ ఊఫర్ వాళ్లకు ఇబ్బంది కాదు కదా! ఓనర్‌తో మాట్లాడించాను. ఆయనకు ఒక్క నెల కిరాయి కూడా పోలేదు, మా అడ్వాన్సు మీద పేచీ పెట్టలేదు.

నోటీసు ఏ నెలలో ముగుస్తుందో కూడా చూసుకోండి, ఇది చాలామంది పట్టించుకోరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజుల్లో మన దగ్గర కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఆ నెలల్లో ఖాళీ అయిన ఇల్లు అలాగే ఉండిపోతుందని ఓనర్‌కు తెలుసు, అందుకే అడ్వాన్సు గట్టిగా పట్టుకుంటాడు. జూన్‌లో బడులు తెరిచే ముందు, లేదా శ్రావణం మొదట్లో తాళాలు అప్పగించేలా ప్లాన్ చేస్తే ఇల్లు వెంటనే నిండుతుంది. మీకు ముహూర్తాల పట్టింపు లేకపోయినా, వచ్చేవాళ్లకు ఉంటుంది.

అప్పగించే రోజు తొందర పడకండి. సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించాక, ఊడ్చిన ఖాళీ ఇంటిని గది గదీ వీడియో తీయండి. గోడలు, కుళాయిలు, స్విచ్చులు, బాత్రూం తలుపు కింది అంచు కూడా. మీటర్ రీడింగు ఫోటో తీసి, అప్పటి దాకా వాడిన యూనిట్ల లెక్క కట్టి ఇచ్చేయండి. మోటారు బిల్లు పంచుకునే ఇల్లయితే అది కూడా. పెయింటింగ్ పేరు చెప్పి నెల కిరాయి కోసుకోవడం మామూలైపోయింది. అగ్రిమెంట్‌లో ఆ షరతు ఉంటే ఇవ్వక తప్పదు. లేకపోతే, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల కిరాయిదారు మీద పడదని 108వ సెక్షన్‌లోనే ఉందని చెప్పండి. మేకులు కొట్టిన రంధ్రాలు మీవే, వాటిని తెల్ల సిమెంటుతో పూడ్చి వెళ్లండి. తాళాలు ఇచ్చేటప్పుడు “తాళాలు ముట్టినవి, బాకీ ఏమీ లేదు, అడ్వాన్సు రూ. ... తిరిగి ఇచ్చాను” అని ఓనర్ సంతకంతో రెండు లైన్లు రాయించుకోండి. ఇద్దరూ ఒప్పుకుని ఇల్లు అప్పగించడంతో లీజు ముగుస్తుందని అదే చట్టం 111వ సెక్షన్‌లో ఉంది. ఆ రెండు లైన్లే దానికి రుజువు.

ఓనర్ ఏం చేసినా ఇవ్వనంటే? లాక్-ఇన్ షరతు పేరుతో మొత్తం అడ్వాన్సు పట్టుకుంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చూపించండి. కాగితంలో ఎంత జరిమానా రాసుకున్నా, దక్కేది దానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే. వారంలో కొత్త కిరాయిదారు వచ్చిన ఇంటికి మూడు నెలల నష్టం జరిగిందనడం సమంజసం కాదు. లాయర్ నోటీసుకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కాజీపేట, హనుమకొండ వాళ్లకు అది అదాలత్ దగ్గర కోర్టు ఆవరణలో ఉంటుంది. కేసు వేయకముందే రెండు వైపులా పిలిచి రాజీ చేసే ఏర్పాటు ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ సాయం ఉచితం, అందుకే అగ్రిమెంట్ ఇంట్లో ఆడమనిషి పేరు మీద ఉంటే అర్జీ ఆమె పేరుతోనే పెట్టండి. హెల్ప్‌లైన్ 15100.

కొత్త ఇల్లు చూసేటప్పుడు పగలు ఒకసారి చూసి అడ్వాన్సు ఇవ్వకండి. రాత్రి 10 దాటాక, వీలైతే శనివారం రాత్రి, ఆ గల్లీలో కాసేపు నిలబడండి. ముందున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారో ఓనర్‌ను కాకుండా మూలమీది కిరాణా షాపాయనను అడగండి. ఇస్త్రీ బండి ఆయనైతే ఇంకా బాగా చెబుతారు. ఫంక్షన్ హాలు, వాటర్ ప్లాంటు, వెల్డింగు షాపు ఎంత దూరమో చూసుకోండి. అగ్రిమెంట్ రాసేటప్పుడు ఈ ఒక్క షరతు అడిగి రాయించండి, మా కొత్త ఓనర్ ఆంటీ చదివి వెంటనే సరే అన్నారు: “ఇతర పోర్షన్ల నుంచి లేదా పొరుగు నుంచి రాత్రి 10 గంటల తర్వాత శబ్దం తరచూ వస్తున్నట్టు కిరాయిదారు రాతపూర్వకంగా తెలిపిన 30 రోజుల్లో అది ఆగకపోతే, కిరాయిదారు ఒక నెల నోటీసుతో ఖాళీ చేయవచ్చు. అడ్వాన్సులో లాక్-ఇన్ కోత ఉండదు.”